హార్మోనియములో గొంతు తగ్గిన స్వరము

పారవేయుటకు మనసొప్పక, వాడుటకు వీలులేక, ఏటేట దుమ్ము దులిపి మరల నచటనే పెట్టెడి వస్తువు ప్రతి యింటి యటకమీదను ఒకటి యుండును. మా యింట నది హార్మోనియము పెట్టె. మా యత్తగారికి ఆమె మేనమామ పెండ్లికి ముం దిచ్చినది. ఆయన నాటకములలో హార్మోనియము వాయించినవాడు. ఇరువది యేండ్లుగా పాత నేతచీరలో చుట్టబడి యున్న యీ పెట్టెను మొన్న వైశాఖములో క్రిందికి దింపితిమి. మా యమ్మాయి సంగీతము నేర్చుకొనుచున్నది, శ్రుతికి పనికివచ్చు నని మా యూహ.

మా యత్తగారికి ఎనుబదిరెండేండ్లు. కుడిచెవికి కొంత మందము కలదు. పెట్టె నామె ముందుంచగానే అలవాటుచొప్పున ఎడమచేత తిత్తి కదల్చి, కుడిచేత రెండు నల్లమెట్లు నొక్కిరి. అది ఆమె అయిదున్నర శ్రుతిలోని షడ్జమును పంచమమును. క్షణ మాలకించి చేయి తీసివేసిరి. "పంచమం పలకటం లేదు. గొంతు పోయింది దీనికి" అనిరి. మావారు నవ్వి, "పలుకుతూనే ఉందమ్మా, నీకే వినిపించడం లేదు" అనిరి. మేమును ఆ మాటనే నమ్మితిమి. ఆమె మరేమియు ననలేదు. పెట్టెమీద చీర కప్పి లోనికి పోయిరి. ఆ రాత్రి భోజనము సగములో లేచిరి.

ముసలితనమున ఒకరి చెవిని శంకించుట యెంత సులభమో, ఒక యంత్రమును శంకించుట అంత సులభముగా మనకు తోచదు. మరునాడు మా యమ్మాయియే, "నాయనమ్మా, నువ్వు అటు తిరిగి కూర్చో. నేను ఒక్కొక్కటే నొక్కుతా. ఏది తగ్గితే అప్పుడు వేలెత్తు" అని పందెము వేసినది. స్వరముల వరుస తప్పించి, ముందువెనుకలుగా పదునైదుసార్లు వాయించినది. ఆ నల్లమెట్టు నొక్కిన ప్రతిసారియు నామె వేలు లేచెను. మరియొక మెట్టు దగ్గర గూడ రెండుసార్లు లేచెను. దానిని మే మెవ్వరము గుర్తింపనేలేదు. మావారు పత్రిక మడిచి ప్రక్కన పెట్టి, పెట్టె దగ్గరకు వచ్చి కూర్చుండిరి.

ఇంతకును ఈ పెట్టె యెట్లు పలుకును? వీణలోవలె తీగ గాని, మృదంగములోవలె చర్మము గాని యిందు లేదు. పలుకునది యిత్తడి నాలుక. ఒక చిన్న యిత్తడి పలకలో సన్నని కంత యుండును. ఆ కంతమీద, ఒక కొన మాత్రము బిగించిన రేకు నాలుకవలె నుండును. ఈ రెంటిని కలిపి రీ డందురు. గాలి త్రోసినపుడు నాలుక కంతలోనికి పోయి, తన బిగువుచేత వెనుకకు వచ్చి, క్షణమున వందలకొలది మారులు అట్లూగును. ఆ యూగుటయే స్వరము. మంద్రస్వరముల నాలుకలు పొడుగు, తారస్వరములవి పొట్టి. నాలుక కంత యంచులను తగులరాదు, అట్లని యెడము ఎక్కువగా నుండనురాదు. వెంట్రుకవాసి యెడములో దాని బ్రదుకంతయు నున్నది. మాకీ సంగతి తెలియునప్పటికి, ఇరువది యేండ్లు అటకమీద పడియుండియు నిది పలుకుటయే గొప్పగా తోచినది.

ఈ విధమున ఊగు నాలుకతో పలుకు వాద్యములు తూర్పుదేశములందు ప్రాచీనకాలమునుండియు కలవు. చైనాదేశపు షెంగ్ అను నోటివాద్య మట్టిది. హార్మోనియ మను పేరుతో దీనికి పారిస్ నగరములో 1842లో అలెగ్జాండర్ దెబాఁ అను నతడు పేటెంటు పొందెను. అది కాళ్ళతో తొక్కుచు బల్లయెదుట కూర్చుండి వాయించునది. మనము నేలపై కూర్చుండి యొకచేత గాలి కొట్టుచు వాయించు పెట్టె పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున కలకత్తాలో రూపొందినది. ద్వారకానాథ్ ఘోష్ పేరు దానికి సంబంధించి చెప్పబడును. మన నాటకశాలలలో పద్యమునకు ఊతగా నిలిచిన దిదియే. దీనిలో గమకము పలుకదని పండితు లాక్షేపించిరి. ఆ యాక్షేపణము నిజమే. మెట్టుకు మెట్టుకు నడుమ నున్న స్వరమును జారవిడుచుట దీనివలన కాదు. 1940లో ఆలిండియా రేడియోవారు దీనిని వెలివేసిరి. 1971లో గాని ఆ కట్టు సడలలేదు. మా యత్తగారు నేర్చుకొన్నది సరిగా ఆ వెలి కాలములోనే. "రేడియోలో లేకపోతే ఏం, మా మామయ్య ఒళ్ళో ఉండేది" అని యామె యనుచుందురు.

కథకు వత్తము. మావారు పట్టణములో నొక మరమ్మతుదారునికి పెట్టె చూపిరి. అతడు మూత యెత్తకయే, రెండు మెట్లు నొక్కి, రీడ్లు పాతబడినవి, వరుస మొత్తము మార్చవలెననెను. మా పెట్టెలో 39 మెట్లు, ఒక్కొక్క మెట్టుకు రెండేసి చొప్పున 78 రీడ్లు. ఒక్కటి తగ్గిన దని డెబ్బదియెనిమిదింటిని మార్చుట, ఒక పన్ను నొచ్చిన దని నోరంతయు నూడబెరుకుట వంటిదని మాకు తోచినది. రీడ్లు చేయువారు నేటికిని గుజరాతులోని పాలితానాలో నున్నారు. క్రొత్తవి దొరకక పోవు. కాని యీ పెట్టె గొంతే మా కక్కరగాని మరియొక గొంతు కాదు. పెట్టె నింటికి తెచ్చుకొంటిమి.

మొదట విచారింపవలసినది, లోప మొక్క స్వరమునకా, పెట్టె మొత్తమునకా అనునది. అన్ని స్వరములును నీరసముగా నున్నచో రీడ్ల జోలికి పోనక్కరలేదు, గాలి యెక్కడనో పోవుచున్నది. వెనుకనుండు తిత్తి మనము కొట్టునది. క్రింద నుండునది లోతిత్తి. కమ్ముల బిగువుచేత నది గాలి నొకే యొత్తిడితో పైకి పంపును. రెంటినడుమ తోలుతలుపులు కలవు, అవి గాలిని లోనికి పోనిచ్చి వెనుకకు రానీయవు. మేము తిత్తిని నిండుగా కొట్టి, ఏ మెట్టును నొక్కక, చేయి తీసి లెక్కపెట్టితిమి. ఇరువది లెక్కింపకమునుపే లోతిత్తి చప్పబడిపోయెను. ఒక యూదుబత్తి వెలిగించి, తిత్తి మడతల మూలలకు దవ్వుగా పట్టుకొని త్రిప్పగా, ఒక మూలలో పొగ తటాలున ప్రక్కకు చెదరెను. బట్టయు తోలును నున్న చోట నిప్పు గనుక పిల్లలచేతికి ఈ పని యీయరాదు. ఆ మూల తోలు అరిగి సూదిమొనంత కన్నము పడి యున్నది. పాత చేతిసంచి లోపలి పలుచని తోలుముక్క కత్తిరించి, బంకతో నంటించి, ఒక రాత్రి ఆరనిచ్చితిమి. మరునాడు అరువది లెక్కించువరకు గాలి నిలిచెను. పెట్టె గొంతు మొత్తముమీద పెరిగినది. పంచమము మాత్రము తోడివారు ఎదిగిన కొలది మరింత చిన్నబోయినది.

ఇక ఆ మెట్టు. మా పెట్టెలో ముందరి గుండ్రని పిడులు లాగినచో ఒక్కొక్క వరుస రీడ్లకు గాలి యందును. ఒక పిడిని మూసి యొకటి తెరచి చూడగా, మంద్రపు వరుసలో పంచమము చక్కగా నున్నది. మధ్యపు వరుసలోనిది మాత్రమే తగ్గినది. ఈ యొక్క పరీక్షతో మా వెదకులాట సగమునకు సగము తగ్గెను. మెట్టు నొక్కినపుడు దాని వెనుకకొస, రంధ్రముపై నున్న తోలద్దిన చెక్కమూతను పైకెత్తును. మూత సరిగా లేవకున్నను స్వరము గొంతు నొక్కినట్లుండును. పంచమపు మూత మాత్రము ప్రక్కవానితో సమముగనే లేచుచుండెను. కాని మా యత్తగారు రెండుసార్లు వేలెత్తిన ఆ రెండవ మెట్టు, తోడి మెట్లకంటె లోతు తక్కువ దిగుచున్నట్లు కనబడెను. మెట్ల ముందరి పట్టీ నూడదీసి చూచితిమి. దాని క్రింద నొక పదిపైసల నాణెము! తీసివేయగనే ఆ స్వరము తెరపి పడెను. మందమైన చెవి రెండవమారు గెలిచినది.

ఈ నల్లమెట్లనుగూర్చి యొకమాట. ప్రక్కవెలుతురున చూడగా షడ్జ పంచమములకు చెందిన ఆ రెంటిమీదను నలుపు చెదరి, లోపలి కొయ్య వేలి మేర పల్లముపడి కనబడినది. మిగిలినవి క్రొత్తవానివలె మెరయుచున్నవి. పెట్టెను వాయించినవారు ఏ శ్రుతిలో పాడినది వారి నడుగకయే చెప్పవచ్చును. ఎక్కువగా పలికిన స్వరమే ముందుగా అలయుననుటలో ఆశ్చర్య మేమున్నది?

పెట్టెను విప్పుటకు ముందు మేము చేసిన జాగ్రత్త యొకటి కలదు. ఒక కాగితముపై రీడ్ల వరుస బొమ్మ గీసి, ప్రతిదానికి అంకె వేసితిమి. ఊడదీసిన మరలను మా పోపులపెట్టె గిన్నెలలో పోసితిమి; ఆవాల గిన్నెలో మూతపట్టీ మరలు, మెంతుల గిన్నెలో రీడ్ల మరలు. ఆ రెండునాళ్ళు పోపు లేని పప్పే తింటిమి. రీడ్లుండు చెక్కను తలక్రిందుగా త్రిప్పగా లోపల బయటపడిన ఆస్తి యిది: జడపిన్ను ఒకటి, వెండిపురుగుల పొట్టు, పసుపు పోని అక్షింతలు మూడు. పూజగదిలో భజనకు వాయించిన పెట్టె గదా.

ఇప్పుడు లోపము రీడుదా, రీడున్న చోటుదా అని తేల్చవలెను. దీనికి సులభమైన యుపాయము స్థానములు మార్చుట. పంచమపు రీడును, దాని ప్రక్క రీడును జాగ్రత్తగా విప్పి, దాని చోట నిది, దీని చోట నది బిగించితిమి. ప్రక్కప్రక్క రీడ్లు కొలతలో దాదాపొకటే గనుక ఇది సాధ్యమైనది. నీరసము రీడుతోకూడ పోయినచో దోషము రీడుది. చోటు వదలనిచో దోషము కొయ్యది. మాకు వచ్చిన సమాధానము ఈ రెండును కాదు. పంచమపు చోట కూర్చున్న ప్రక్క రీడు బుసబుసమని గాలితో కలిసి పలికెను. ప్రక్కచోటికి పోయిన పంచమపు రీడు కొంత తెరపి పడినను, గాలి గట్టిగా కొట్టినపుడు తటాలున మూగవోయెను. దోషు లిద్దరు!

ముందు చోటును చూచితిమి. రీడు తీసిన తరువాత ఆ రంధ్రపు టంచునుండి ప్రక్కకు గోటిగీతవంటి చీలిక కొయ్యలో నుండెను. గోదావరిగట్టున మా యూళ్ళలో వానకాలమున కొయ్య ఉబ్బును, రోహిణికార్తెలో ఎండి ముడుచుకొనును. ఇరువదిమారు లట్లు జరిగిన చెక్క చీలుటలో వింత లేదు. నాలుకను కదల్పవలసిన గాలి ఆ చీలికలోనుండి యడ్డదారిని పోవుచుండెను. బంకను సన్నని పుల్లతో చీలికలో నింపి, తుడిచి, ఆరిన పిదప రీడు క్రింద పలుచని కాగితపు చుట్టంచు పరచితిమి. తక్కిన రీడ్ల మరలు గూడ పరీక్షింపగా, చాల వదులై యున్నవి. వానిని వ్రేళ్ళకు తెలియునంత బిగువువరకే బిగించితిమి. మరీ బిగించినచో పలక వంగి, కంత యంచు నాలుకకు తగులును.

పిమ్మట రీడును వెలుతురునకు పట్టి చూచితిమి. నాలుకకు కంతకు నడుమ నుండవలసిన వెలుగుగీత ఒక ప్రక్క తెగియున్నది. భూతద్దములో చూడ, అక్కడ ఎఱ్ఱని పొడి. కుంకుమ! మా యత్తగారు అర్చనచేసిన వ్రేళ్ళతోనే మెట్లు నొక్కెడివారు కాబోలు. బొమ్మలు వేయు మెత్తని కుంచెతో, నాలుక పొడుగునను, మూలమునుండి కొనవైపునకే, తుడిచితిమి. అంచున మిగిలినదానిని పలుచని కాగితపు చీలిక నాలుకక్రింద దూర్చి మెల్లగా లాగి తీసితిమి. అడ్డముగా తుడిచినచో నాలుక ప్రక్కకు జరిగి అంచును తగులును. వెలుగుగీత ఇరుప్రక్కల సమమాయెను.

అయినను గట్టిగా కొట్టినపుడు మూగవోవుట పోలేదు. ఇచ్చట మాకు చాల సేపు పట్టినది. నాలుక కొన, పలకకు కొంచెము పైకి లేచి యుండవలెను. ఆ యెత్తు దాదాపు నాలుక మందమంత యుండుట మేలందురు. ఎత్తు చాలనిచో గాలి జోరుకు నాలుక కంతను మూసికొని యట్లే నిలిచిపోవును. మెల్లగా కొట్టినపుడు పలికి, గట్టిగా కొట్టినపుడు పలుకకుండుట దాని గుర్తు. ఎత్తు మిక్కిలి యైనచో దానికి విపరీతము. మెల్లని గాలికి పలుకదు, పలికినను ఆలసించి, బుసతో పలుకును. మాది మొదటిరకము. నాలుకక్రింద సన్నని రేకు దూర్చి, కొనను వెంట్రుకవాసి పైకెత్తి, బిగించి, విని, మరల విప్పి, మరల నెత్తి, నాలుగవమారునకు సరిపడెను. ఒక్కమారే యెత్తివేయవలెనను తొందర మా చేతికే కలిగినది. మా యత్తగారు, "పిల్లదాని చెవి కుడుతున్నట్టు చెయ్యి" అని యడ్డుకొనిరి.

ఈ పెట్టెకు దూరపు చుట్టమైన కాన్సర్టీనా యను వాద్య మింగ్లండులో కలదు. చార్లెస్ వీట్‌స్టన్ పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున దానిని రూపొందించెను. ఆరుమూలల చిన్న తిత్తి, రెండు కొనల బొత్తాములు, రెండుచేతుల నడుమ సాగదీసి యొత్తి వాయింతురు. పాత కాన్సర్టీనాలకును మా పెట్టె జబ్బే పట్టును. మంచిరకము వానిలో రీడ్లను మరలతో బిగింపక, కొయ్యలో తొలిచిన గాడులలోనికి జార్చి కూర్చెదరు. కొయ్య యెండి గాడి వదులైనచో స్వరము నీరసించును. గాడి యంచున కాగితపు చీలిక పెట్టి బిగువు తెత్తురు. దానిలో ప్రతి బొత్తామునకు తిత్తి సాగినపు డొకటి, మూసినపు డొకటి చొప్పున రెండు రీడ్లుండును. ఒకవైపున మాత్రమే స్వరము తగ్గినచో దోషము రీడు దగ్గరను, రెండువైపుల తగ్గినచో బొత్తాముక్రింది మూత దగ్గరను వెదకుదురు. పిడులు మూసి తెరచి మేము చేసిన విచారణయు నిట్టిదే.

మే మెంతవరకు పోలేదో గూడ చెప్పవలెను. రీడును గీకలేదు. నాలుక కొనవద్ద గీకిన శ్రుతి హెచ్చును, మూలమువద్ద గీకిన తగ్గును. శ్రుతి దిద్దువా రట్లే చేయుదురు. గీకిన లోహము మరల రాదు గనుక అది చేయి తిరిగినవారి పని. శ్రుతి హఠాత్తుగా దిగజారి గొంతును తగ్గినచో, నాలుక మూలమున బీట పడియుండవచ్చును. అప్పు డారీడు మార్చుటయే గతి. నూనె చుక్కయైనను తగులనీయరాదు. అది దుమ్మును పిలుచును. నోటితో ఊదుట యందరకు తోచు ఉపాయమే గాని, ఊపిరి తడి యిత్తడిమీద పచ్చని చిలుము పట్టించును. మావారు రెండుమా రూదబోగా మా యమ్మాయి వారి నోటికి చేయి యడ్డుపెట్టినది.

మూడవనాటి సాయంకాలము పెట్టెను బిగించి, పోపులపెట్టె ఖాళీ యైనదో లేదో చూచుకొంటిమి. మెంతుల గిన్నెలో ఒక మర మిగిలినది. అది యెచటిదో నేటివరకు తెలియలేదు. మా యత్తగారిని పిలిచితిమి. ఆమె మునుపటివలెనే ఎడమచేత తిత్తి కదల్చి, రెండు నల్లమెట్లు నొక్కి, కన్నులు మూసికొనిరి. చాలసేపు వ్రేళ్ళు తీయలేదు. మావారు కొంచెము సిగ్గుతో, "వినిపిస్తోందామ్మా?" అని యడిగిరి. ఆమె జవాబు చెప్పక, మెల్లగా ఒక పాత కీర్తన పల్లవి యెత్తుకొనిరి. గొంతు వణకినది గాని శ్రుతి తప్పలేదు. మా యమ్మాయి ప్రక్కన చేరి అందుకొన్నది.

పాట ముగిసిన తరువాత ఆమె పెట్టెమీద చీర కప్పబోయి, ఆగి, మరియొక తెల్లమెట్టు నొక్కి చూచిరి. "పంచమం బాగుందే. ఈ నిషాదమే కాస్త గరగరలాడుతోంది" అనిరి. ఈమారు మావారు నవ్వలేదు. మరలు విప్పు పనిముట్టుకొఱకు లేచిరి. పోపులపెట్టెను మాత్రము మేము దాచివేసితిమి.